పట్టాలకు ఏ పక్కన

రైలు పట్టాల పక్కన ఇల్లు అమ్మేవాళ్ళూ, అమ్మించేవాళ్ళూ, ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాళ్ళూ చెప్పే మాట ఒక్కటే. "అలవాటైపోద్దక్కా." నెల్లూరులో ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకునేదాన్ని. కానీ అది నిజం. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఉప్పునీళ్ళకు పడతాడు, దోమలకు పడతాడు, ఈ ఊరి మే నెల ఎండకు కూడా పడతాడు. అందుకే, అలవాటు పడ్డాక మనలో ఏది మారిపోతుందో తెలుసుకోకుండా సంతకం పెట్టకూడదని నా పట్టుదల.

మేము చూసిన ఇళ్ళు రెండూ వేదాయపాలెం దాటాక ఉన్నాయి. పట్టాలకు అటు ఒకటి, ఇటు ఒకటి. మా ఊరి లెక్కలో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. అంకణమంటే 72 చదరపు అడుగులు. రోడ్డు మీద అంకణం ధర వినేసరికి మాలాంటి జీతగాళ్ళకు నోట మాట రాదు. పట్టాల వైపు జరిగేకొద్దీ ఆ ధర దిగుతుంది. రైలు కూత వినిపించే దూరానికి ఒక రేటు, గోడ అదిరే దూరానికి ఇంకో రేటు. నెల్లూరులో సొంత ఇల్లు అన్న కోరిక చాలామంది మధ్యతరగతివాళ్ళకు తీరేది ఆ తగ్గిన రేటు దగ్గరే. కాబట్టి "ఎవరైనా పట్టాల పక్కన కొంటారా" అని ముఖం చిట్లించే బంధువులకు నేను జవాబు చెప్పడం మానేశాను. కొంటారు. ఈ గీత వెంబడి కావలి నుంచి గూడూరు దాకా ఎన్ని వేల సంసారాలు సాగుతున్నాయో రైలెక్కి కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది.

ఈ గీతది చిన్న వయసు కాదు. మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి కలిసింది 1899లో. 1980 నాటికి కరెంటు తీగలొచ్చాయి. ఢిల్లీ నుంచో హౌరా నుంచో చెన్నైకి పోయే పెద్ద బండ్లన్నీ, జీటీ, తమిళనాడు, కోరమాండల్, ఈ ఊరి మీదుగా పోవలసిందే. పెన్న పేరు పెట్టుకున్న పినాకిని, ఊరి పాత పేరు పెట్టుకున్న సింహపురి మా సొంత బండ్లు. 2022 సెప్టెంబరు నుంచి విజయవాడ, గూడూరు మధ్య బండ్లు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోవడానికి అనుమతి వచ్చింది. ఈ 130 అన్న అంకె దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు చప్పుడు సంగతి. మొదటి ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు ఆ ఇల్లాలు మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, బోరు గురించి చెబుతోంది. "నలభై అడుగుల్లోనే నీళ్ళు పడినాయమ్మా, ఎండాకాలం కూడా..." అంటుండగా బొగ్గు గూడ్సు వచ్చింది. ఇలాంటి బండికి యాభై ఎనిమిది వ్యాగన్ల దాకా ఉంటాయి. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. ఆమె మాట ఆపింది. ముఖంలో విసుగు లేదు, మా వైపు క్షమాపణగా చూడడం లేదు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది, కొంగు సర్దుకుంది. చివరి వ్యాగను పోయింది. "...తగ్గలేదు" అని వాక్యం పూర్తి చేసింది. చప్పుడు ఇబ్బంది కాదా అని నేనడిగితే నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఏం చప్పుడమ్మా? మాకు యినపడనే యినపడదు."

ఆమె అబద్ధమాడలేదు. ఆమె మనసుకు వినపడలేదు. కానీ గొంతుకు వినపడింది, అందుకే ఆగింది. చేతికి వినపడింది, అందుకే గ్లాసు అందుకుంది. నిద్రలో కూడా ఇదే జరుగుతుందని శబ్దం మీద పరిశోధన చేసినవాళ్ళు చెబుతారు. కొన్నాళ్ళకు రైలు పోతున్నా మెలకువ రావడం తగ్గిపోతుంది. కానీ చప్పుడు వచ్చిన ప్రతిసారీ గుండె కొట్టుకునే తీరు మాత్రం కొంచెం మారుతూనే ఉంటుంది. అంత తేలిగ్గా అది అలవాటు పడదు. తెల్లారి లేచి "బాగా పడుకున్నాను" అని మనిషి చెబుతాడు, ఒళ్ళు రాత్రంతా సగం కాపలాలో ఉన్న సంగతి అతనికి తెలియదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదంటాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం ఇచ్చిన సూచనల్లో రైలు చప్పుడుకు పెట్టిన హద్దులు కూడా దాదాపు అవే: రోజు మొత్తం సగటున 54, రాత్రికి 44. పట్టాలకు ఆనుకున్న గదిలో ఆ అంకెలు నిలిచే అవకాశం తక్కువ.

అయితే రోడ్డు పక్కన ఇల్లు కన్నా పట్టాల పక్కన ఇల్లే నయమనే వాదన ఒకటుంది. దాన్ని తీసిపారేయలేం. హైవే హోరుకు సందు ఉండదు. రైలు వస్తుంది, పోతుంది, మధ్యలో నిశ్శబ్దం మిగులుతుంది. ఈ కారణంతోనే జర్మనీలో చాలా ఏళ్ళపాటు రైలు చప్పుడును లెక్కగట్టేటప్పుడు 5 డెసిబెళ్ళు తగ్గించి చూసేవారు. 2015 నుంచి కొత్త రైలు మార్గాలకు ఆ రాయితీ తీసేశారు. రాత్రిపూట గూడ్సులు పెరిగిన దేశంలో రైలు చప్పుడును ముద్దు చేయడం కుదరదని అక్కడివాళ్ళు గట్టిగానే అడిగారు. మా దగ్గరా రాత్రి గూడ్సులదే. కృష్ణపట్నం రేవు 2008లో మొదలయ్యాక వెంకటాచలం నుంచి బొగ్గు బండ్ల రాకపోకలు మామూలైపోయాయి. 2019 సెప్టెంబరులో వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు 112 కిలోమీటర్ల కొత్త దారి తెరిచారు. కొండల్లో ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి మరీ వేశారు. విజయవాడ నుంచి గూడూరుకు మూడో లైను సంగతి సరేసరి. ఇవాళ మేడ మీద నిలబడి విన్న బండ్లను బట్టి పదేళ్ళ తర్వాతి రాత్రిని ఊహించుకోకూడదు. రేవు పెరిగితే చప్పుడు పెరుగుతుంది. రేవు పెరగడం జిల్లాకు మంచిదే. ఆ మంచిలో కొంత మన పడకగదిలోంచి పోతుంది.

చప్పుడు గురించి ఇంత చెప్పాను గానీ, దీనికి విరుగుడు ఉంది. పడకగది పట్టాలకు ఎదురుగా కాకుండా వెనక వైపు పెట్టుకోవచ్చు. వంటిల్లు, స్నానాల గది, మెట్లు పట్టాల వైపుంటే అవే అడ్డుగోడలవుతాయి. ప్రహరీ సందుల్లేకుండా, ఎత్తుగా కట్టుకోవచ్చు. నన్ను నిజంగా ఆపింది ఇంకొకటి.

ఆ మొదటి ఇంటి మేడ ఎక్కినప్పుడు కింద కనిపించింది. పట్టాల కంకర మీద, అడ్డంగా, ఒక బాట. ఎవరూ వేసింది కాదు, నడిచి నడిచి పడింది. కంకర రాళ్ళు అరిగి, మధ్యలో మట్టి తేలి, అటు దిబ్బ మీద జిల్లేడు పొద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆ ఇంటికి ఇటు ఏమీ లేదు, ఇళ్ళే. బడి, పాల బూత్, మందుల షాపు, ఆటోలు ఎక్కే చోటు, అన్నీ అటు. బడివేళ కావడంతో పిలకాయలు వీపున బ్యాగులతో గుంపులుగా దాటుతున్నారు. పాలక్యాను మోసుకుంటూ ఒకాయన దాటాడు. పూలబుట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె దాటింది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రవాడు ఫోను చూస్తూ దాటాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. తమ వీధిలోని కాలవ దాటినంత సహజంగా దాటారు.

అక్కడ నాకు "అలవాటైపోద్ది" అన్న ఆ మాట ఇంకో రకంగా వినిపించింది. "నెల తిరిగేసరికి రైలు పోయిందా లేదా అని కూడా మీకు తెల్దక్కా" అని బ్రోకరబ్బాయి మంచి మనసుతోనే చెప్పాడు. రైలు పోయిందో లేదో తెలియని మనిషి ఇల్లు కట్టుకోవలసిన చోటు అదేనా? ఏ చెవుడు వస్తే హాయిగా నిద్ర పడుతుందని ఓదారుస్తున్నారో, పొద్దున్నే బడికి పోయేటప్పుడు ఆ చెవుడే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో పనికొచ్చే అలవాటు వాకిట్లో పనికిరాదు. అలవాటుకు మాత్రం ఇల్లూ వాకిలీ తేడా తెలియదు.

లెక్క చూడండి. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. గేటు వస్తోందంటే డ్రైవరు కూత వేయడానికి పట్టాల పక్కన పసుపు పలక ఒకటి ఉంటుంది, గేటుకు 600 మీటర్ల ముందు. అక్కణ్ణుంచి బండి మన దాకా రావడానికి పట్టేది పదహారు, పదిహేడు సెకన్లు. ఆ కూత కూడా గేటు ఉన్నచోటే. ప్రమాదాలు తగ్గించడానికి గేట్లు తీసేసి కింద దారులు తవ్వుతున్నారు, అది మంచి పనే. గేటు పోయినచోట ఆ కూత అవసరమూ పోతుంది. ఇక పాతకాలపు టకటకలు కూడా లేవు. అప్పట్లో రెండు పట్టాల మధ్య అతుకు దగ్గర చక్రం పడిన ప్రతిసారీ శబ్దం వచ్చేది, ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు. కరెంటు ఇంజను బొగ్గు ఇంజనులా దూరాన్నుంచే రొప్పుతూ రాదు. పక్కనుంచి వినే చప్పుడుకూ ఎదురుగా నిలబడితే వినిపించే చప్పుడుకూ చాలా తేడా ఉంది. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు చెవులు చిల్లులు పడేలా వినిపించే బండి, పట్టాల మధ్య నిలబడ్డవాడికి చివరి క్షణం దాకా మెత్తగానే వస్తుంది.

మా అత్తయ్య బిట్రగుంటలో పెరిగింది. బొగ్గు ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది, ఊరు ఊరంతా రైలు ఉద్యోగులే. వాళ్ళ నాన్న ఫైర్‌మన్. ఆవిడకు రైలు చప్పుడంటే పుట్టింటి చప్పుడు. ఇల్లు పట్టాల పక్కనంటే మా అందరిలోకీ ముందు సంబరపడింది ఆవిడే. కానీ మేడ మీంచి ఆ బాట చూసి ముఖం మార్చేసింది. "మా నాయన మమ్మల్ని పట్టాలెక్కనిచ్చేవాడు కాదమ్మాయ్. ఒక బండి పోయినాక నిలబడి రెండో బండి కోసం చూడమనేవాడు. పోయిన బండి చప్పుడులో వచ్చే బండి చప్పుడు కలిసిపోద్ది అనేవాడు. చెవినసలు నమ్మొద్దు, కంటినే నమ్మండి అనేవాడు." రోజంతా రైలు మీదే బతికిన మనిషి చెప్పిన మాట అది. ఆయన చెప్పింది రెండు లైన్ల కాలంలో. ఇప్పుడు మూడోది.

రైలుతో పనిచేసేవాళ్ళందరికీ ఈ శిక్షణ ఉంటుంది. స్టేషను దగ్గరా, గేటు దగ్గరా పచ్చజెండా పట్టుకుని నిలబడే మనిషిని అందరం చూశాం. చిన్నప్పుడు నాకు అది మర్యాద కోసం అనిపించేది. ఆయన పని బండి మొదటి చక్రం నుంచి చివరి పెట్టె దాకా కళ్ళప్పగించి చూడడం: ఎక్కడైనా పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా అని. 2012 జూలై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఎస్-11 పెట్టె తగలబడింది మా నెల్లూరులోనే. ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ వేళప్పుడు మంటలు చూసి కబురందించింది గేటు దగ్గరి రైల్వే సిబ్బంది. ఊరంతా నిద్రపోతున్న సమయంలో, రోజూ పోయే బండిని ఆరోజే కొత్తగా చూసినట్టు చూసే కన్ను ఒకటి ఉంది కాబట్టే ఆ కబురు అంత త్వరగా అందింది. ఆ కన్ను జీతమిచ్చి, తర్ఫీదిచ్చి తయారుచేసుకున్నది. ఏడో తరగతి చదివే మా పాప నుంచి, మోకాళ్ళ నొప్పులతో నడిచే అత్తయ్య నుంచి, రోజుకు నాలుగుసార్లు, ఏళ్ళ తరబడి ఆ ఏకాగ్రత ఆశించడం అన్యాయం.

పట్టాలు దాటడం నేరం కాదా అని ఎవరైనా అడగొచ్చు. నేరమే. 1989 రైల్వే చట్టంలో 147వ సెక్షను ఆరు నెలల జైలుకూ వెయ్యి రూపాయల జరిమానాకూ వీలు కల్పిస్తోంది. కానీ ఆ బాట మీద నడుస్తున్నవాళ్ళను నేను తప్పుపట్టలేను. కింద దారి ఉంది. చాలా దూరం నడిచి చుట్టూ తిరిగి రావాలి. వానాకాలంలో ఆ దారి కూడా ఉండదు. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జిలు నెల్లూరువాళ్ళకు బాగా తెలుసు, గట్టి వాన పడితే అవి చెరువులవుతాయి. మోకాలి లోతు మురుగులో బడిబ్యాగుతో దిగాలా, పైన పొడిగా ఉన్న పట్టాలెక్కాలా అని పిల్లవాడిని అడిగితే వాడేం చెబుతాడు? గేటు తీసేసి, కింద నీళ్ళు తోడే ఏర్పాటు సరిగా లేకుండా వదిలేస్తే ఆ బాటను మనమే వేసి ఇచ్చినట్టు. ఈ విషయంలో నాకు కోపముంది. దారి కట్టడమంటే వానలో కూడా నడవగలిగే దారి కట్టడం.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ జిల్లాలో నేల పడమటి నుంచి తూర్పుకు, సముద్రం వైపు వాలి ఉంటుంది. వాననీళ్ళు అటే పోవాలి. రైలు కట్ట ఉత్తర దక్షిణాలుగా అడ్డం పడుకుని ఉంటుంది. నీళ్ళు పోవడానికి దాని కింద తూములూ వంతెనలూ ఉన్నాయి. అవి పూడిపోతేనో, వాటి సామర్థ్యానికి మించి నీళ్ళొస్తేనో, పడమటి పక్కన ఇళ్ళు ముందు మునుగుతాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, హైవే కూడా తెగింది. కాబట్టి ఇల్లు చూడడానికి ఎండాకాలంలో పోకండి. నవంబరులో, వాయుగుండం వచ్చిన మర్నాడు పొండి. అప్పుడు ఆ వీధే ఏ అమ్మకందారూ చెప్పని సంగతులన్నీ చెబుతుంది.

కాగితాల సంగతి కూడా గట్టిగా చూడాలి. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం రైల్వే హద్దు నుంచి ఇంటి అంచుకు 30 మీటర్ల దూరం ఉండాలి, లేకపోతే రైల్వేవాళ్ళ నిరభ్యంతర పత్రం కావాలి. పట్టాల నుంచి కాదు, హద్దు నుంచి. హద్దు ఎక్కడుందో రైలు పట్టాలు చూస్తే తెలియదు, రైల్వే హద్దురాయి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఉన్న ఇంటికి అడ్డం లేకపోయినా, రేపు పైన ఒక గది వేసుకోవాలంటే ఈ 30 మీటర్లు ఎదురుగా వచ్చి నిలబడతాయి.

రెండో ఇల్లు పట్టాలకు ఇటు కాకుండా అటు, బడి ఉన్న వైపు. పట్టాలకు మొదటి ఇంటికన్నా దగ్గర. చిన్నది, పదిహేను అంకణాలు. మేము అక్కడ నిలబడ్డ కాసేపట్లోనే రెండు బండ్లు పోయాయి, రెండోది పోయేటప్పుడు మా ఆయన చెప్పేది నాకు పెదవుల కదలిక బట్టి అర్థం చేసుకోవలసి వచ్చింది. మొదటి ఇల్లు దీనికన్నా ప్రశాంతం, విశాలం, రేటు కూడా తక్కువ. బంధువుల్లో ఎవరిని అడిగినా దాన్నే కొనమంటారు.

మేము రెండోది అనుకుంటున్నాం. ఆ ఇంట్లోంచి పాప బడికి పోవాలన్నా, అత్తయ్య మందుల షాపుకు పోవాలన్నా, నేను కూరగాయలకు పోవాలన్నా పట్టాలు దాటే పని లేదు. రోజూ రాత్రి మా నిద్రలోంచి కొంత రైలు తీసుకుపోతుందని తెలిసే ఈ మాట అంటున్నాను. వెనక గది అత్తయ్యకిస్తాం. ఆ నష్టం మా నలుగురం పంచుకుని భరించగలిగింది. పట్టాల మీద బాట తెచ్చే నష్టం అలాంటిది కాదు. ఇంత ఆలోచించాక కూడా నాకు భయం పోలేదు. స్నేహితులు అటు వీధిలో ఉంటారు, పాప ఎప్పుడో ఒకరోజు ఆ కంకర మీద కాలు పెడుతుంది. ఆ రోజు కోసం దానికి వాళ్ళ ముత్తాత మాట ఇప్పటి నుంచే చెబుతున్నాం.

బయానా ఇంకా ఇవ్వలేదు. సర్వేయరును పిలిచి రైల్వే రాయి నుంచి టేపు పెట్టించమన్నాం. మూడో లైను కోసం ఈ వైపు ఏమైనా జరిపారా, జరపబోతున్నారా అన్నది రైల్వే ఆఫీసులో అడిగి కాగితం మీద తెమ్మని అమ్మేవాళ్ళకు చెప్పాం. "ఇంత మంది ఉంటున్నారు గదక్కా, ఎవురూ అడగలా" అన్నాడు బ్రోకరబ్బాయి. అడుగుతామనే చెప్పాం. రెండు వారాల్లో తెస్తానన్నాడు.